ఇంటి కంప్యూటర్‌కు డబ్బు పెట్టి యాంటీవైరస్ కొనాలా? తిరుపతి, చిత్తూరు సభ్యుల సలహా కావాలి

చంద్రగిరి_అయ్యవారు

అందరికీ నమస్కారం. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను, ఉండేది చంద్రగిరిలో. ఇంట్లో రెండు కంప్యూటర్లున్నాయి. ఒకటి పాత ల్యాప్‌టాప్: విండోస్ 10, 4 జీబీ ర్యామ్, పాత రకం హార్డ్ డిస్క్. పేపరు చదవడం, బ్యాంకు పనులు, పెన్షన్ కాగితాలు అన్నీ అందులోనే. రెండోది ఇంటర్ చదివే మనవడి కోసం కొన్న డెస్క్‌టాప్, విండోస్ 11. దాంతోపాటే ఒక యాంటీవైరస్ ట్రయల్ వచ్చింది, గడువు అయిపోయింది. ఇప్పుడు సిస్టం తెరిస్తే చాలు, "మీకు రక్షణ లేదు, వెంటనే రెన్యువల్ చేయండి" అని ఎర్ర బాక్సు వచ్చి కూర్చుంటోంది.

షాపులో అడిగితే మూడేళ్ల ప్యాక్ తీసుకోమన్నారు. మనవడేమో విండోస్‌లో ఉన్నదే చాలు తాతా అంటాడు. ఇద్దరిలో ఎవరి మాట వినాలో తేలడం లేదు. డబ్బు పెట్టడానికి నాకు అభ్యంతరం లేదు. కానీ ఆ డబ్బుకు అదనంగా ఏం వస్తుందో తెలుసుకోవాలనుంది.

ఎస్వీయూ_హాస్టల్

మీ మనవడు చెప్పిందే కరెక్ట్ సార్. విండోస్‌తోనే వచ్చే డిఫెండర్ అనే యాంటీవైరస్ చాలు. డబ్బులు వేస్ట్.

కాణిపాకం_లెక్కలు

ఒక్క ముక్కలో తేల్చేస్తే ఎట్లా తమ్ముడూ? నేను చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో అకౌంట్స్ చూస్తాను. తోతాపురి సీజన్ వచ్చిందంటే లోడు స్లిప్పులు, జీఎస్టీ ఫైళ్లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు అన్నీ పెన్‌డ్రైవ్‌ల మీదే తిరుగుతాయి. ఆడిటర్ ఆఫీసు నుంచి జిరాక్స్ షాపుకు, అక్కడి నుంచి మా ఇంటికి. ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా మారిపోయే ఆ పాత వైరస్ మా వైపు ఇంకా తిరుగుతూనే ఉంది. ఫైళ్లు పోవు, కనిపించకుండా దాస్తుంది. వాటి స్థానంలో షార్ట్‌కట్ పెడుతుంది. తెలియక అది నొక్కామంటే మన సిస్టంలోకి దిగుతుంది.

మా ఇంటి కంప్యూటర్‌కు నేను డబ్బు కట్టే వాడుతున్నా. పెన్‌డ్రైవ్ పెట్టగానే మనం అడగకుండానే స్కాన్ చేస్తుంది. ఏదన్నా తేడా వస్తే అమ్మిన అబ్బాయికి ఫోన్ చేస్తే ఇంటికొచ్చి చూస్తాడు. ఆ ధైర్యం కోసమే నేను డబ్బు ఇస్తున్నది. అయ్యవారి వయసు వాళ్లకు అది ఇంకా అవసరం.

స్వర్ణముఖి

నేనూ తిరుపతి అమ్మాయినే, చెన్నైలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తుంటాను. ఇద్దరు చెప్పినదాంట్లోనూ విషయం ఉంది కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

డిఫెండర్ పనికిరాదన్న పేరు ఎక్కడి నుంచి వచ్చిందో ముందు చెప్పాలి. 2009లో మైక్రోసాఫ్ట్ సెక్యూరిటీ ఎసెన్షియల్స్ అని ఉచితంగా ఇచ్చేవారు, మనమే దించుకోవాలి. 2012లో విండోస్ 8 వచ్చాక అదే డిఫెండర్ పేరుతో విండోస్‌లోనే కలిసిపోయింది. 2012, 2013 ప్రాంతంలో ల్యాబ్ పరీక్షల్లో దానికి చాలా తక్కువ మార్కులొచ్చిన మాట నిజం. షాపుల్లో ఇప్పటికీ చెప్పే మాట ఆ కాలం నాటిది. తర్వాత మైక్రోసాఫ్ట్ దాన్ని బాగా మార్చింది. జర్మనీలోని మాగ్డెబర్గ్‌లో ఏవీ-టెస్ట్ అనే సంస్థ ఉంది. రక్షణకు 6, వేగానికి 6, వాడకంలో ఇబ్బంది పెట్టకపోవడానికి 6, మొత్తం 18 మార్కులకు పరీక్ష పెడుతుంది. 17.5 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే టాప్ ప్రాడక్ట్ అంటారు. ఈ కొన్నేళ్లుగా డిఫెండర్ ఆ వరుసలోనే ఉంటోంది.

ఇలాంటివే ఇంకో రెండు: ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్‌లో ఏవీ-కంపేరటివ్స్, లండన్‌లో ఎస్ఈ ల్యాబ్స్. వీటికి కంపెనీల నుంచి కూడా డబ్బు వస్తుంది, ఆ సంగతి మనసులో పెట్టుకునే చదవాలి. అయినా పరీక్ష ఎట్లా చేశారో బయటపెడతారు, ఫలితాలు ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. యూట్యూబ్‌లో "టాప్ 5 యాంటీవైరస్" వీడియోల కింద కొనే లింకు ఉంటుంది, మనం కొంటే వీడియో చేసినవాళ్లకు కమిషన్ వెళ్తుంది. వాటికన్నా ఈ మూడు సైట్లే నయం.

చంద్రగిరి_అయ్యవారు

అమ్మా, మీరు చెప్పిన సైటు తెరిచి చూశాను. నాకొక సందేహం. దాదాపు అందరికీ 17.5, 18 వచ్చాయి. క్లాసులో అందరికీ నూటికి తొంభై తొమ్మిది వస్తే, పేపరు తేలికగా ఇచ్చారని అర్థం. ఎవడు నిజంగా చదివాడో ఆ మార్కులతో తెలియదు. మరి వీటిలో నేను ఏ గడి చూడాలి?

స్వర్ణముఖి

సరైన చోట పట్టుకున్నారు సార్. మొత్తం మార్కులు చూసి ఎంచుకోవడం కుదరదు. నేనైతే మూడు విషయాలు చూస్తాను.

ఒకటి, తప్పుడు హెచ్చరికలు. మంచి ఫైలును వైరస్ అని ఆపేయడం అన్నమాట. ఏవీ-కంపేరటివ్స్ వాళ్లు ఈ లెక్క విడిగా ఇస్తారు. ఇంట్లో పెద్దవాళ్లకు ఇది చాలా ముఖ్యం. ఊరికే హెచ్చరికలు వస్తుంటే కొన్నాళ్లకు చదవకుండానే "అనుమతించు" నొక్కేస్తారు, అసలు వైరస్ వచ్చిన రోజు కూడా అదే నొక్కుతారు.

రెండు, వేగం. అక్కడ పరీక్ష చేసే సిస్టంలు మీ ల్యాప్‌టాప్ లాంటివి కావు. 4 జీబీ ర్యామ్, పాత హార్డ్ డిస్క్ మీద అదే ఫలితం రాదు. కాబట్టి డబ్బు కట్టే ముందు ట్రయల్ వేసి మీ సిస్టంలోనే చూడాలి. సిస్టం ఆన్ అవడానికి, బ్యాంకు సైటు తెరవడానికి, పెద్ద ఫోల్డర్ కాపీ కావడానికి ముందూ తర్వాతా ఎంత పడుతోందో వాచీ పెట్టుకుని చూడండి. ఆ సంఖ్య ఏ రివ్యూ కన్నా నమ్మదగినది.

మూడోదాని మీద డిఫెండర్ అభిమానులు మాట్లాడరు. డిఫెండర్ బలం చాలావరకు క్లౌడ్‌లో ఉంది. అనుమానం వచ్చిన ఫైలు గురించి నెట్‌లో మైక్రోసాఫ్ట్ సర్వర్‌ను అడిగి తేలుస్తుంది. నెట్ లేనప్పుడు దాని పట్టు తగ్గుతుంది. ఏవీ-కంపేరటివ్స్ మాల్వేర్ ప్రొటెక్షన్ పరీక్షలో ఆఫ్‌లైన్ గడి వేరే ఉంటుంది, అక్కడ ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. కాణిపాకం అన్న చెప్పిన పెన్‌డ్రైవ్ సంగతి ఇక్కడే వస్తుంది. నెట్ సరిగా లేని చోట, రోజూ బయటి పెన్‌డ్రైవ్‌లు పెట్టే ఇంట్లో, ఆఫ్‌లైన్‌లో బాగా పట్టే కంపెనీకి డబ్బు కట్టడంలో అర్థం ఉంది. తిరుపతిలో ఫైబర్ కనెక్షన్ ఉండి, పెన్‌డ్రైవ్ ఎప్పుడో గానీ పెట్టని ఇంటికి ఆ తేడా పెద్దగా తగలదు.

కాణిపాకం_లెక్కలు

ఇదే నేను చెప్పాలనుకున్నది. నాకు ఇంత వివరంగా చెప్పడం రాలేదు.

గాంధీరోడ్డు_సర్వీస్

నేను తిరుపతి గాంధీ రోడ్డులో కంప్యూటర్ సర్వీసు చేస్తాను. యాంటీవైరస్ కీలు, అంటే లైసెన్సు కోడ్లు కూడా అమ్ముతాను. అది ముందే చెప్పి రాస్తున్నా, తర్వాత ఎవరూ అనుకోకూడదు.

మా బల్ల మీదకు వైరస్ అని వచ్చే ఇంటి సిస్టంలలో అసలు వైరస్ ఉన్నవి తక్కువ. ఎక్కువగా వచ్చేది బ్రౌజర్ నోటిఫికేషన్. ఏదో సినిమా సైటులో "అలౌ" నొక్కి ఉంటారు, ఇక మూలన "మీ కంప్యూటర్లో 5 వైరస్‌లు" అని వస్తూనే ఉంటుంది. జనం భయపడి అందులోనే డబ్బు కట్టేస్తారు. క్రోమ్ సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్లలోకి వెళ్లి ఆ సైటు పేరు తీసేస్తే ఆగిపోతుంది. దీనికి ఏ యాంటీవైరస్సూ కొనక్కర్లేదు.

తర్వాత, ఒకే సిస్టంలో రెండు యాంటీవైరస్‌లు. పాతది తీయకుండా కొత్తది వేస్తారు. రెండూ ఒకే ఫైలును పట్టుకుని సిస్టం కదలదు. గడువు అయిపోయినదాన్ని అట్లాగే వదిలేసేవాళ్లు కూడా చాలామంది. అయ్యవారి డెస్క్‌టాప్‌ది ఇదే పరిస్థితి.

అసలు ఇన్ఫెక్షన్‌తో వచ్చే సిస్టంలలో ఎక్కువగా కనిపించేది క్రాక్ సాఫ్ట్‌వేర్. విండోస్ యాక్టివేటర్, దొంగ ఫోటోషాప్, గేములు. వాటి పక్కన ఒక టెక్స్ట్ ఫైలు ఉంటుంది: ముందు యాంటీవైరస్ ఆపండి అని. మనిషే ఆపేశాక అది ఉచితమైనా, డబ్బు కట్టినదైనా ఏం చేస్తుంది? సిస్టం తెరిచి డిఫెండర్ ఎక్స్‌క్లూజన్స్ (స్కాన్ చేయొద్దని పెట్టే జాబితా) చూస్తే మొత్తం సి డ్రైవ్‌నే పెట్టి ఉంటారు.

ఎస్వీయూ_హాస్టల్

అన్నా, హాస్టల్లో అందరూ క్రాక్‌లే వాడతారు. యాక్టివేటర్‌ను వైరస్ అనడం మైక్రోసాఫ్ట్ తన వ్యాపారం కోసం చేసే పని కదా? చాలా సిస్టంలలో ఏమీ కాలేదు.

స్వర్ణముఖి

ఏమీ కాలేదని మీకెట్లా తెలుస్తుంది తమ్ముడూ? వెనకటి వైరస్ స్క్రీన్ మీద కనిపించేది. ఇప్పటి దొంగ ప్రోగ్రాములు సిస్టంను చక్కగా నడవనిస్తాయి. బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లు, లాగిన్ కుకీలు (మీరు ఇప్పటికే లాగిన్ అయ్యారని సైటుకు చెప్పే చిన్న ఫైళ్లు) కాపీ చేసి పంపించి గమ్మున ఉంటాయి. కుకీ చేతికి వస్తే పాస్‌వర్డ్, ఓటీపీ అడగకుండానే మీ మెయిల్ తెరుచుకోవచ్చు. ఇలాంటిదే లుమ్మా. 2025 మేలో మైక్రోసాఫ్ట్, యూరోపోల్, అమెరికా న్యాయశాఖ కలిసి దాని సర్వర్లను దెబ్బకొట్టాయి. అంతకు ముందు రెండు నెలల్లోనే 3,94,000 విండోస్ కంప్యూటర్లలో అది దొరికిందని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. క్రాక్ ఫైళ్లు దాని ముఖ్యమైన దారుల్లో ఒకటి.

స్టాప్ అనే రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) కూడా అంతే. అది ఎక్కువగా ఇళ్ల కంప్యూటర్లనే పట్టింది, వచ్చింది క్రాక్‌లతోనే. పాపం, దానికి దొరికినవి థీసిస్ ఫైళ్లు, పిల్లల ఫోటోలు. మీ హాస్టల్లో వాళ్లకు దయచేసి చెప్పండి. ఆఫీస్ బదులు లిబ్రే ఆఫీస్ ఉంది, ఫోటోషాప్ బదులు గింప్ ఉంది, రెండూ ఉచితం. యూనివర్సిటీ మెయిల్ ఉంటే మైక్రోసాఫ్ట్ ఆఫీస్ ఆన్‌లైన్ ఉచితంగా దొరికే అవకాశం ఉంది, మీ డిపార్ట్‌మెంట్‌లో అడిగి చూడండి.

ఎస్వీయూ_హాస్టల్

కుకీల సంగతి ఈ కోణంలో ఆలోచించలేదు అక్కా. రూమ్‌మేట్ ఇన్‌స్టాగ్రామ్ ఈ మధ్యే పోయింది, ఓటీపీ కూడా రాలేదన్నాడు. వాడి సిస్టం చూస్తాను.

స్వర్ణముఖి

ముందు వేరే శుభ్రమైన ఫోన్ నుంచి పాస్‌వర్డ్‌లు మార్చమనండి, అన్ని డివైజ్‌ల నుంచి లాగౌట్ చేయమనండి. ఆ సిస్టంలో విండోస్ మళ్లీ కొత్తగా వేయడమే మంచిది.

రేణిగుంట_బ్యాంకు

బ్యాంకులో పనిచేసి రిటైరైనవాణ్ణి. నేను చెప్పేది డబ్బు కట్టే పద్ధతి గురించి. యాంటీవైరస్ ఆన్‌లైన్‌లో కొంటే మొదటి ఏడాది ధర బాగా తక్కువ చూపిస్తారు. కింద చిన్న అక్షరాల్లో ఆటో రెన్యువల్ అని టిక్ పెట్టి ఉంటుంది. రెండో ఏడాది పూర్తి ధర కట్ అవుతుంది. కొనేటప్పుడు మొదటి ఏడాది ధర కాదు, రెన్యువల్ ధర వెతికి చూడండి. పోల్చాల్సింది దాన్నే.

2021 అక్టోబర్ నుంచి రిజర్వ్ బ్యాంకు నియమం మనకు కొంత అండగా ఉంది. కార్డు మీద ఇట్లా పదే పదే కట్ అయ్యే చెల్లింపులకు ముందు మనం ఓటీపీతో ఒప్పుకోవాలి. ప్రతిసారీ కట్ అయ్యే 24 గంటల ముందే బ్యాంకు మెసేజ్ పంపాలి, అందులోనే వద్దనే వీలుండాలి. 15,000 రూపాయలు దాటితే ప్రతిసారీ మళ్లీ ఓటీపీ కావాలి. యాంటీవైరస్ ధర ఆ లోపే ఉంటుంది కాబట్టి ఓటీపీ అడగకుండానే వెళ్లిపోతుంది. అందుకే ఆ ముందు రోజు మెసేజ్‌ను స్పామ్ అనుకుని తీసేయకండి.

ఇంకో మాట. "మీ యాంటీవైరస్ రెన్యువల్ అయింది, ఇన్ని వేలు కట్ అయ్యాయి, వద్దంటే ఈ నంబరుకు ఫోన్ చేయండి" అని దొంగ మెయిళ్లు వస్తుంటాయి. ఫోన్ చేస్తే ఎనీడెస్క్ (దూరం నుంచి మన సిస్టంను నడపనిచ్చే ప్రోగ్రాం) వేయమంటారు. ఎనీడెస్క్ మంచి సాఫ్ట్‌వేరే కాబట్టి యాంటీవైరస్ దాన్ని ఆపుతుందని అనుకోకూడదు. సిస్టం వాళ్ల చేతుల్లోకి మనమే ఇస్తాం. డబ్బు పోయిందని తెలిసిన క్షణమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బును దారిలోనే ఆపే అవకాశం అంత ఎక్కువ.

పుంగనూరు_అక్క

మా ఇంట్లో పిల్లల కోసమే పెద్ద ప్యాక్ కొన్నాం. పేరెంటల్ కంట్రోల్, వీపీఎన్, పాస్‌వర్డ్ మేనేజర్, క్లీనర్ అన్నీ కలిపి ఇచ్చారు. పేరెంటల్ కంట్రోల్ ఒక్కటే వాడాం. అది కూడా మైక్రోసాఫ్ట్ ఫ్యామిలీ సేఫ్టీలో ఉచితంగా ఉందని తర్వాత పిల్లల స్కూల్లో ఒక టీచరు చెప్పారు. ఎంతసేపు వాడాలో పెట్టొచ్చు, ఎడ్జ్ బ్రౌజర్‌లో చెడ్డ సైట్లు ఆపొచ్చు.

నాకు ఎవరూ చెప్పని ఒక ప్రశ్న ఉంది. తిరుమల టికెట్ల దొంగ సైట్లను యాంటీవైరస్ ఆపుతుందా? మా చుట్టాల్లో ఒకరు గదుల కోసం వెతికి అట్లాంటి సైటులో డబ్బు కట్టి, తీరా కొండకు వెళ్లాక ఆ బుకింగే లేదని తెలుసుకున్నారు. పిల్లలతో వచ్చి రాత్రంతా బయట కూర్చున్నారు.

స్వర్ణముఖి

అక్కా, మన ఊరికి ఇదే అన్నిటికన్నా అవసరమైన ప్రశ్న.

కొన్నిసార్లు ఆపుతుంది. దొంగ సైట్లను ఆపడానికి ఎడ్జ్‌లో స్మార్ట్‌స్క్రీన్, క్రోమ్‌లో గూగుల్ సేఫ్ బ్రౌజింగ్ ఉచితంగానే ఉన్నాయి. డబ్బు కట్టిన వాటిలో అదనంగా సొంత జాబితా ఉంటుంది, అన్ని బ్రౌజర్లలోనూ పనిచేస్తుంది. అయితే ఇవన్నీ ఎవరో ఒకరు ఫిర్యాదు చేశాక, లేదా ఆ సైటు పాత దొంగ సైట్లను పోలి ఉంటేనే పట్టుకుంటాయి. నిన్న రాత్రి పుట్టిన సైటు ఈరోజు పొద్దున మీకు కనిపిస్తే ఏ జాబితాలోనూ ఉండకపోవచ్చు. పైగా అందులో వైరస్ ఉండదు, ఫోటోలు, ఒక ఫారం, ఒక యూపీఐ నంబరు ఉంటాయి అంతే.

టీటీడీ అధికారిక సైటు టీటీదేవస్థానమ్స్ డాట్ ఏపీ డాట్ జీఓవీ డాట్ ఇన్. చివర ఏపీ డాట్ జీఓవీ డాట్ ఇన్ అన్న భాగం ప్రభుత్వానికే దొరుకుతుంది, బయటివాళ్లు కొనలేరు. అది బుక్‌మార్క్ చేసుకుని ప్రతిసారీ అక్కడి నుంచే తెరవండి. 300 రూపాయల దర్శనానికైనా, గదికైనా గూగుల్‌లో వెతికి పైన వచ్చిన ప్రకటన నొక్కకండి. పాస్‌వర్డ్‌లు దాచి మన బదులు నింపే పాస్‌వర్డ్ మేనేజర్ ఉంటే ఇంకో లాభం ఉంది: సైటు పేరులో ఒక్క అక్షరం తేడా ఉన్నా అది పాస్‌వర్డ్ నింపదు. అది నింపలేదంటే అక్కడే ఆగి చూడాలి. క్రోమ్, ఎడ్జ్‌లలో ఉన్న మేనేజర్ కూడా ఈ పని చేస్తుంది.

కాణిపాకం_లెక్కలు

ఒకవేళ కొనాలంటే మన దేశం కంపెనీ మంచిదా, బయటిదా? క్విక్ హీల్ పూణేది, కె7 మన పక్కన చెన్నైది. క్యాస్పర్‌స్కీ వాడొద్దని కొందరంటున్నారు.

గాంధీరోడ్డు_సర్వీస్

రష్యా కంపెనీ అని అమెరికా 2024లో క్యాస్పర్‌స్కీని నిషేధించింది. జూలై 20 నుంచి కొత్త అమ్మకాలు, సెప్టెంబర్ 29 తర్వాత అప్‌డేట్లు అక్కడ ఆగిపోయాయి. ల్యాబ్ పరీక్షల్లో దానికి ఎప్పుడూ మంచి మార్కులే. మన దేశంలో అమ్ముతూనే ఉన్నారు. అయినా యాంటీవైరస్ అంటే సిస్టంలో అన్నిటికన్నా లోతుగా కూర్చునే ప్రోగ్రాం. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ ఇచ్చిన ఒక్క తప్పుడు అప్‌డేట్‌తో ప్రపంచమంతా సుమారు 85 లక్షల విండోస్ సిస్టంలు నీలి తెరతో ఆగిపోయాయి. అది ఆఫీసుల కోసం చేసినది, ఇళ్లకు కాదు. కానీ ఇలాంటి ప్రోగ్రాం చేతిలో ఎంత అధికారం ఉంటుందో అందరికీ తెలిసింది. కాబట్టి నమ్మకం అన్నది కూడా లెక్కలోకి తీసుకోవాలి.

స్వర్ణముఖి

ఉచిత యాంటీవైరస్‌ల విషయంలోనూ అదే జాగ్రత్త. అవాస్ట్ తన వాడకందారుల బ్రౌజింగ్ వివరాలను జంప్‌షాట్ అనే అనుబంధ సంస్థ ద్వారా అమ్మిందని తేలి, 2024లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1.65 కోట్ల డాలర్లు కట్టించింది. జంప్‌షాట్‌ను 2020లోనే మూసేశారు. నార్టన్, అవాస్ట్, ఏవీజీ, అవీరా ఇప్పుడు ఒకే కంపెనీవి, జెన్ డిజిటల్ కిందివి. నాలుగు పేర్లు చూసి నలుగురి మధ్య పోటీ అనుకోకూడదు.

స్వదేశీ, విదేశీ అన్నదాని కన్నా ఆ కంపెనీ స్వతంత్ర పరీక్షలకు క్రమం తప్పకుండా వస్తోందా లేదా చూడండి. క్విక్ హీల్, కె7 పేర్లు ఆ ల్యాబ్ జాబితాల్లో మీరే వెతికి చూడొచ్చు. ఒక్క నెల ఫలితం కాదు, వరుసగా ఏడాది మొత్తం.

రేణిగుంట_బ్యాంకు

ఒకటి జోడిస్తాను. కేంద్ర ప్రభుత్వానిది సైబర్ స్వచ్ఛతా కేంద్రం అని ఉంది, 2017 ఫిబ్రవరిలో మొదలైంది. కంప్యూటర్ భద్రత చూసే ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ నడుపుతుంది. ఆ సైటులో ఇన్ఫెక్షన్ తీసే టూల్స్ ఉచితంగా ఇస్తారు. వైరస్ వచ్చిందన్న అనుమానంతో హడావిడిగా ఏడాది ప్యాక్ కొనే ముందు దాన్నొకసారి వేసి చూడొచ్చు.

చంద్రగిరి_అయ్యవారు

చాలా తెలిసింది. డెస్క్‌టాప్ సంగతి నాకు స్పష్టమైంది. నా పాత ల్యాప్‌టాప్ గురించి చెప్పండి. అది విండోస్ 11కు పనికిరాదని చూపిస్తోంది. మంచి యాంటీవైరస్ కొంటే ఇంకొన్నేళ్లు వాడుకోవచ్చని షాపులో అన్నారు. బ్యాంకు పనులు అందులోనే కాబట్టి కొంచెం టెన్షన్‌గా ఉంది.

గాంధీరోడ్డు_సర్వీస్

అయ్యవారూ, ఆ మాట ఎవరు చెప్పినా ఒప్పుకోకండి. విండోస్ 10కి మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగాయి. డిఫెండర్ వైరస్ జాబితా మాత్రం 2028 అక్టోబర్ దాకా వస్తుందని మైక్రోసాఫ్ట్ చెప్పింది. రెండూ వేరు. విండోస్‌లోనే రంధ్రం ఉంటే దాన్ని మూసేది అప్‌డేట్ ఒక్కటే, యాంటీవైరస్ కాదు.

2017 మే 12న వానాక్రై అనే రాన్సమ్‌వేర్ వచ్చింది గుర్తుందా? మన చిత్తూరు జిల్లాతో పాటు రాష్ట్రంలో ఇంకొన్ని జిల్లాల పోలీసు కంప్యూటర్లకు కూడా తగిలింది, పేపర్లన్నీ రాశాయి. అది ఏ మెయిలూ తెరవకుండా, ఎవరూ ఏమీ నొక్కకుండా నెట్‌వర్క్‌లో ఒక సిస్టం నుంచి ఇంకోదానికి పాకింది. ఆ రంధ్రాన్ని మూసే అప్‌డేట్ మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చిలోనే ఇచ్చింది. వేసుకున్న సిస్టంలు నిలిచాయి.

మీ ల్యాప్‌టాప్‌లో సెట్టింగ్స్ తెరిచి విండోస్ అప్‌డేట్‌లో చూడండి. అదనపు సెక్యూరిటీ అప్‌డేట్లలో చేరమని చూపిస్తుంది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే ఉచితమే. 2026 అక్టోబర్ 13 వరకు వస్తాయి. ఆ తేదీ తర్వాత ఆ ల్యాప్‌టాప్‌లో బ్యాంకు పని వద్దు. పేపరు చదువుకోవడానికి విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ వేసుకోవచ్చు, నేనే వేసి ఇస్తాను.

యాంటీవైరస్‌కు మూడేళ్లకు పెట్టాలనుకున్న డబ్బుతో పాత హార్డ్ డిస్క్ బదులు చిన్న ఎస్ఎస్‌డీ (వేగంగా నడిచే కొత్త రకం డిస్క్) వేయించండి. 4 జీబీ ర్యామ్‌తో కూడా మనిషిని విసిగించకుండా నడుస్తుంది. నేను కీలు అమ్మేవాణ్ణే అయినా ఈ ల్యాప్‌టాప్‌కు కీ అమ్మను.

కాణిపాకం_లెక్కలు

అన్నా, ఇట్లా చెప్పేవాళ్లు ఉంటే మేము చిత్తూరు నుంచి తిరుపతికైనా వస్తాం.

నేను మాత్రం నా రెన్యువల్ కడతాను. మా ఇంట్లో పెన్‌డ్రైవ్ లేని రోజు లేదు. కానీ మూడేళ్లు ఒకేసారి కట్టను, ఏడాదికి ఒకసారి ల్యాబ్ ఫలితాలు చూసి కడతాను. కీ కొనేటప్పుడు ఏం చూడాలో కూడా చెప్పు.

గాంధీరోడ్డు_సర్వీస్

బిల్లు తప్పకుండా తీసుకో. కీ గీకిన కార్డు తీసుకోవద్దు, ఎవరైనా ముందే యాక్టివేట్ చేసి ఉంటే గడువు ఆరోజు నుంచే నడుస్తుంది. వేరే దేశం కీ చవగ్గా దొరుకుతుంది, మన దగ్గర యాక్టివేట్ కాకపోవచ్చు. యాక్టివేట్ అయ్యాక కంపెనీ అకౌంట్‌లో మీ సొంత మెయిల్ పెట్టాలి, షాపువాళ్లది కాదు. లేకపోతే సిస్టం మార్చినప్పుడు ఆ కీ మీ చేతికి రాదు.

పుంగనూరు_అక్క

రాన్సమ్‌వేర్ నుంచి కాపాడుతుందని డబ్బు కట్టే ప్యాక్ మీద పెద్ద అక్షరాల్లో రాసి ఉంది. అది డిఫెండర్‌లో లేదా?

స్వర్ణముఖి

ఉంది అక్కా, కానీ ఆఫ్‌లో ఉంటుంది. విండోస్ సెక్యూరిటీలో రాన్సమ్‌వేర్ ప్రొటెక్షన్ తెరిచి కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ ఆన్ చేయాలి. తెలియని ప్రోగ్రాములు మీ డాక్యుమెంట్లు, ఫోటోలు మార్చకుండా ఆపుతుంది. మొదట్లో మంచి ప్రోగ్రాములను కూడా ఆపుతుంది, ఒక్కొక్కదాన్ని అనుమతించుకోవాలి. వేరే యాంటీవైరస్ వేస్తే డిఫెండర్ పక్కకు తప్పుకుంటుంది కాబట్టి ఇది పనిచేయదు, అప్పుడు వాళ్లదే వాడాలి.

అన్నిటికన్నా ముఖ్యం ఫోటోలు ఒక బయటి హార్డ్ డిస్క్‌లో ఇంకో కాపీ ఉండటం. కాపీ చేశాక దాన్ని తీసి బీరువాలో పెట్టాలి. తగిలించే ఉంచితే రాన్సమ్‌వేర్ దాన్నీ లాక్ చేస్తుంది.

చంద్రగిరి_అయ్యవారు

అందరికీ కృతజ్ఞతలు. డెస్క్‌టాప్‌లో ట్రయల్ తీసేసి డిఫెండర్‌తోనే ఉంచుతాం. మనవడికి అడ్మిన్ కాని మామూలు అకౌంట్ ఇచ్చి, అడ్మిన్ పాస్‌వర్డ్ నా దగ్గర పెట్టుకుంటాను. వాడు మొదట గొణిగాడు గానీ, ఈ చర్చలో కుకీల సంగతి చదివాక ఒప్పుకున్నాడు. ల్యాప్‌టాప్‌ను ఎస్ఎస్‌డీ కోసం గాంధీ రోడ్డుకు తెస్తాను. పుంగనూరు అమ్మాయి అడిగిన ప్రశ్న చూసి టీటీడీ సైటు కూడా రెండింట్లోనూ బుక్‌మార్క్ చేశాను. ట్రయల్ తీశాక డిఫెండర్ నిజంగా పనిచేస్తోందని ఎట్లా తెలుసుకోవాలి?

గాంధీరోడ్డు_సర్వీస్

సెట్టింగ్స్‌లో యాప్స్‌లోకి వెళ్లి ట్రయల్ అన్‌ఇన్‌స్టాల్ చేయండి. తర్వాత ఆ కంపెనీ సైటులో దొరికే రిమూవల్ టూల్ కూడా ఒకసారి నడపండి, మిగిలిన ముక్కలు పోతాయి. వేరే సైటులో దొరికే టూల్ వద్దు. రీస్టార్ట్ చేస్తే డిఫెండర్ తనంతట తానే ఆన్ అవుతుంది. విండోస్ సెక్యూరిటీలో వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్ దగ్గర పచ్చ టిక్ ఉండాలి, రియల్ టైమ్ ప్రొటెక్షన్, క్లౌడ్ ప్రొటెక్షన్ రెండూ ఆన్‌లో ఉండాలి. అక్కడే ఎక్స్‌క్లూజన్స్ తెరిచి ఖాళీగా ఉందో లేదో చూడండి.

పరీక్షించాలంటే ఐకార్ అనే టెస్ట్ ఫైలు ఉంది. 68 అక్షరాల హాని లేని ఫైలు, అన్ని యాంటీవైరస్‌లూ దాన్ని వైరస్‌గా పట్టుకోవాలని కంపెనీలు ఒప్పుకున్నాయి. ఐకార్ సంస్థ సైటు నుంచి దించండి. దించిన వెంటనే డిఫెండర్ హెచ్చరిక వచ్చి ఆ ఫైలు మాయం కావాలి. కాకపోతే సిస్టం తీసుకురండి, ల్యాప్‌టాప్‌తో పాటే చూస్తాను. ఆదివారం మధ్యాహ్నం వరకే ఉంటాను.